బొమ్మలో బాయి ఎక్కడున్నది?

తొంభైలలో, సాక్షరతా ఉద్యమం రోజుల్లో మహేశ్వరం మండలంలోని ఒక ఊళ్ళో రాత్రిబడి నడిపాను. పొద్దంతా కూలికి పోయి, వండి పెట్టి, పిల్లల్ని పడుకోబెట్టి పదిహేనుమంది దాకా ఆడవాళ్ళు కందీలు చుట్టూ కూచునేవాళ్ళు. వాచకంలో పాఠం బొమ్మతో మొదలయ్యేది. ఆ రోజు బొమ్మలో ఒకామె నెత్తిన కుండతో నవ్వుతూ నడుస్తోంది. “ఏం కనిపిస్తోంది?” అని అడిగాను. నాకు కావలసిన జవాబు “నీళ్ళు”. అందులోంచి “నీ” విడదీసి పలక మీద దిద్దించాలి.

ఒక పెద్దామె బొమ్మను కందీలుకు దగ్గరగా పట్టుకుని చూసింది. “నవ్వుతున్నది గద బిడ్డా! బాయి ఇంటి ముంగటనే ఉన్నట్టున్నది ఆమెకు. ఈ బొమ్మ మన ఊరిది గాదు” అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వి, “సరే, ‘నీ’ దిద్దండి” అన్నాను.

ఆ తర్వాత చాలా ఏళ్ళు విమెన్స్ స్టడీస్ పాఠాలు చెప్పాను. చిత్రాలనూ సినిమాలనూ విమర్శనాత్మకంగా ఎలా చూడాలో విద్యార్థులకు నేర్పాను. ఆ పెద్దామె ఆ పనే చేసిందని మాత్రం చాలా ఆలస్యంగా అర్థమైంది. గీసినవాడికి నీళ్ళ సంగతి తెలియదని ఆమె ఆ నవ్వును చూసి పట్టుకుంది. అక్షరం రాదు కాబట్టి ఆమెను నేను “నిరక్షరాస్యురాలు” అని రిజిస్టర్‌లో రాశాను.

ఆమె చెప్పిన బాయి సంగతి తర్వాత శాస్త్రజ్ఞుల పటాలకూ ఎక్కింది. హైదరాబాదులోని ఎన్.జి.ఆర్.ఐ., ఫ్రాన్స్‌కు చెందిన బి.ఆర్.జి.ఎం. కలిసి 1999లో మొదలుపెట్టిన కేంద్రం మహేశ్వరం పరివాహక ప్రాంతాన్ని ఏళ్ళ తరబడి అధ్యయనం చేసింది. 53 చదరపు కిలోమీటర్ల రాతినేలలో 700కు పైగా బోర్లు నీళ్ళు తోడుతున్నాయని, చేదబావులు ఎండిపోయాయని తేల్చింది. ఆ పటాలను మనం జ్ఞానం అంటాం. పెద్దామె మాటను హాస్యం అన్నాను.

వాచకంలోకి బొమ్మ ఊరికే రాలేదు. దాని వెనక బ్రెజిల్ చరిత్ర ఉంది. చదువురానివాళ్ళకు ఓటు లేని ఆ దేశంలో, 1963లో పాలో ఫ్రెయిరీ బృందం ఆంజికోస్ అనే ఊళ్ళో సుమారు 300 మంది కూలిజనానికి 40 గంటల్లో చదువు నేర్పే ప్రయత్నం చేసింది. ఫ్రెయిరీ పద్ధతిలో అక్షరాల కంటే ముందు బొమ్మలు వచ్చేవి. ఫ్రాన్సిస్కో బ్రెనాండ్ వంటి చిత్రకారుడు వాటిని గీశాడు. చూసేవాళ్ళు తమ బతుకునే ఎదురుగా పెట్టుకుని మాట్లాడుకోవాలన్నది ఉద్దేశం. మాట పుట్టాకే అక్షరం. 1964లో సైన్యం అధికారంలోకి రాగానే ఫ్రెయిరీని జైల్లో పెట్టింది, ఆ తర్వాత ఆయన దేశం విడిచిపోవలసి వచ్చింది.

మన దేశంలో 1988లో జాతీయ సాక్షరతా మిషన్ మొదలయ్యాక బొమ్మ, చర్చ, మాట, అక్షరం అనే వరస మన వాచకాల్లోకీ వచ్చింది. కానీ నాలాంటివాళ్ళ చేతుల్లో చర్చ జారిపోయి, బొమ్మ అక్షరానికి మెట్టుగా మిగిలింది. నాకిచ్చిన గడువులో ఎన్ని పాఠాలు అయ్యాయన్నదే లెక్క.

అక్కడ చర్చ జారిపోకుండా నిలబడితే ఏమవుతుందో నెల్లూరు ఆడవాళ్ళు చూపించారు. 1991లో ఆ జిల్లాలో అక్షరజ్యోతి కార్యక్రమం మొదలైంది. వాచకంలో సీతమ్మ కథ ఉంది. మొగుడి సారా తాగుడుకు బతుకు ధ్వంసమై ఆమె చనిపోతుంది. దూబగుంటలో ఆ పాఠం అక్షరాల దగ్గర ఆగలేదు. సీతమ్మ చావుకు ఎవరు కారణం, మనింట్లో జరుగుతున్నది ఏమిటి అని మాట్లాడుకుని, ఆడవాళ్ళు వెళ్ళి ఊళ్ళో సారా అంగడి మూయించారు. రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. వాళ్ళ గెలుపే “ఆడవాళ్ళు ఏకమైతే” అనే పాఠంగా వాచకంలోకి ఎక్కింది. 1992లో సారా వేలంపాటలను ఆడవాళ్ళు అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది.

ఆ తర్వాత వాళ్ళే బొమ్మలయ్యారు. పత్రికల్లో చీపురు పట్టిన ఆడది, కొంగు బిగించిన ఆడది. ఒకరికి ఆమెలో దుర్గ కనిపించింది. మరొకరికి సంసారం నిలబెట్టే ఇల్లాలు, ఇంకొకరికి పోరాట దళం కనిపించింది. ఈ చూపులన్నిటినీ సూసీ తారు, తేజస్విని నిరంజన తమ వ్యాసంలో నిలదీశారు. అన్వేషి బృందం 1993లోనే నెల్లూరు ఆడవాళ్ళ రాజకీయాన్ని వాళ్ళ మాటల్లోంచి అర్థం చేసుకునే ప్రయత్నం చేసింది. బొమ్మను ప్రశ్నించి మొదలుపెట్టిన స్త్రీలు చివరికి ఎవరి ప్రశ్నలకూ అందని బొమ్మలైపోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

పిల్లల పుస్తకాల్లోని ఇళ్ళూ ముఖాలూ ఎవరివన్న ప్రశ్నను కూడా అన్వేషి తర్వాత చేపట్టింది. 2008లో వచ్చిన ‘డిఫరెంట్ టేల్స్’ బొమ్మల కథల్లో గోగు శ్యామల, జూపాక సుభద్ర, వినోదిని, ఖదీర్‌బాబు రచనలున్నాయి. దళిత వాడల పిల్లలు, ముస్లిం ఇళ్ళ పిల్లలు వాటిలో దయనీయులుగా కాక, ఆటా కొంటెతనం ఉన్న మామూలు పిల్లలుగా కనిపిస్తారు. “ఈ బొమ్మ మన ఊరిది గాదు” అన్న మాటకు ఇన్నాళ్ళకు ఒక జవాబు దొరికిందని వాటిని చూసినప్పుడు అనిపించింది.

అదే 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలైంది. మహేశ్వరం చుట్టూ వెంచర్ల రంగుల కాగితాలు ఇంటింటికీ వచ్చాయి. ఆ రోజుల్లో ఒకసారి ఆ ఊరికి వెళ్ళాను. పెద్దామె అప్పటికే లేదు. రాత్రిబడికి వచ్చిన ఆమె కోడలు ఒక కాగితం తెచ్చి చూపించింది. నల్లటి రోడ్లు, పచ్చగడ్డి, ఫౌంటెన్, నవ్వుతున్న నలుగురి కుటుంబం. ఇంట్లో పొలం అమ్ముదామని కొడుకులు అంటున్నారట. సంతకం చెయ్యడం నా దగ్గరే నేర్చుకుంది. ఇప్పుడు ఆ సంతకమే కావాలంటున్నారు.

“అక్కా, ఇందుల మా బాయి ఏడున్నది?” అని అడిగింది. ఇద్దరం చాలాసేపు వెతికాం. ప్లాట్ల నంబర్లు ఆమె ఒక్కొక్కటే చదివింది, నేను వింటూ కూచున్నాను. బాయి ఉండాల్సిన చోట ఫౌంటెన్ ఉందని ఆమే తేల్చింది. “నీళ్ళు ఏడికెల్లి తెస్తరో ఇండ్ల లేదు” అని కాగితం మడిచి కొంగున ముడేసుకుంది. ఈసారి నేను నవ్వలేదు. కొడుకులతో మాట్లాడేటప్పుడు ఆ ప్రశ్నే అడగమన్నాను.