నాగజెముడు మీద తెల్ల దూది: తప్పు పురుగు, పెద్ద చరిత్ర

పోయిన నెల మా అమ్మమ్మ వాళ్ల పెరట్లో కంచె పక్కనున్న నాగజెముడు మీద తెల్లగా దూది అంటుకున్నట్టు కనిపించింది. బూజేమో అనుకుని పుల్లతో గీకా. పుల్లంతా రక్తంలా ఎర్రగా అయిపోయింది! ఫోన్‌లో ఫొటో తీసి యాప్‌లో పెడితే 'కోచినీల్' అంది. నిజమే, కానీ సగం సమాధానమే. ఎందుకంటే కోచినీల్ అంటే ఒక్క పురుగు కాదు, దగ్గరి చుట్టాలైన చాలా జాతులున్నాయి. ఈ తేడా తెలియకే ఈస్ట్ ఇండియా కంపెనీ బోల్తా పడింది. ఆ కథే ఇవాళ్టి ఎపిసోడ్.

అప్పట్లో మేలైన ఎర్రరంగు మెక్సికో నుంచి వచ్చేది. అక్కడి రైతులు నాగజెముడు మీద ఈ పురుగుల్ని పెంచి, ఎండబెట్టి అమ్మేవాళ్లు. వ్యాపారమంతా స్పెయిన్ చేతిలో. బ్రిటిష్ ఆఫీసర్ల ఎర్రకోట్లకి కూడా ఇదే రంగు. అంటే శత్రువు దగ్గర కొనాల్సిందే!

1786లో మద్రాసులో జేమ్స్ ఆండర్సన్ అనే డాక్టర్‌కి గడ్డి మీద ఒక పురుగు కనిపించింది. 'ఇదే కోచినీల్!' అని లండన్‌లో ఉన్న జోసెఫ్ బ్యాంక్స్‌కి ఉత్తరం రాశాడు. తీరా చూస్తే అది వేరే పురుగు, రంగుకి పనికిరాదు. అయినా ఆశ చావలేదు. అసలు పురుగు వస్తే మేత ఉండాలి కదా అని సైదాపేటలో నాగజెముడు తోటే వేశారు.

1795లో కెప్టెన్ నీల్సన్ బ్రెజిల్ నుంచి పురుగులు తెచ్చి కలకత్తాలో ఇచ్చాడు. అక్కడి బొటానికల్ గార్డెన్ చూసుకునేది విలియం రాక్స్‌బర్గ్. 1793 దాకా మన సామర్లకోటలో పనిచేసి వెళ్లినాయనే! లక్క పురుగు మీద కూడా రాశాడు. పురుగులు బాగానే పెరిగాయి, రంగు మాత్రం నాసిరకం. ఎందుకంటే వచ్చింది పెంపుడు జాతి కాదు, అడవి జాతి. ఇవాళ దాని పేరు డాక్టిలోపియస్ సిలోనికస్.

మరి తేడా ఎలా పట్టాలి? పెంపుడు జాతి ఒంటి మీద తెల్లటి పొడి ఉంటుంది. అడవి జాతుల మీద దట్టమైన దూది ఉంటుంది, సైజూ చిన్నది. మా పెరట్లో ఉన్నది దూదే, కాబట్టి అదీ అడవి జాతే.

అసలు ట్విస్ట్ ఇక్కడుంది. ఆ తప్పు పురుగు ఒక రకం నాగజెముడుని తినేసి దాదాపు తుడిచిపెట్టింది. అప్పటికే ఆ మొక్క పొలాల్ని ఆక్రమిస్తోంది! దాంతో 1836 – 38లో దక్షిణాదికి, 1863 – 65లో శ్రీలంకకి కావాలనే తీసుకెళ్లారు. పురుగుతో కలుపుని అదుపు చేయడం ప్రపంచంలో ఇక్కడే మొదలైందని చెప్తారు. ఇంకో రకం నాగజెముడుని మాత్రం అది ముట్టలేదు. దానికోసం 1926లో శ్రీలంక నుంచి వేరే జాతిని తెచ్చారు.

మొదటిసారి లక్ కలిసొచ్చింది, అంతే. ఆ పురుగు పంట మొక్కని తినేదైతే? అందుకే మీ తోటలో కొత్త పురుగు కనిపిస్తే, ఒక్క ఫొటోతో ఆగకండి. ఏ మొక్క మీద ఉంది, ఒంటి మీద పొడా దూదా, గీకితే ఏ రంగు... ఇవన్నీ చూడండి. యాప్ చెప్పిన పేరు మొదటి అడుగు మాత్రమే. ఉంటా మరి!