బెర్తా బెంజ్ ప్రయాణము

పెట్రోలుబండికి 1886 జనవరి 29వ తేదీని జర్మనీలోఁ బేటెంటు కోరినవాఁడు కార్ల్ బెంజ్. అతని కర్మశాల 1871లో మునుఁగకుండ భాగస్వామి వాటాను గొనుటకు, పెండ్లికి ముందే, తన పుట్టినింటి సొమ్మిచ్చినది బెర్తా.

బండి సిద్ధమైనను గొనువారు లేరైరి. 1888 ఆగస్టులో నామె భర్తకుఁ జెప్పక, యిద్దఱు కుమారులతో మన్‌హైమునుండి పుట్టినూరగు ఫోర్ట్స్‌హైమునకు, నూఱు కిలోమీటర్లకుఁ బైఁబడిన దూరము, ఆ బండిమీఁదనే వెడలెను. పెట్రోలు అంగళ్లు నాఁ డెక్కడివి? వీస్‌లోఖులోని మందులకొట్టులో లిగ్రోయిన్ అను ద్రవమును గొనెను. ఇంధనపు గొట్టము పూడుకొనఁగా టోపీసూదితోఁ బొడిచెను. బ్రేకుచెక్క లరుగఁగాఁ జెప్పులు కుట్టువానిచేఁ దోలు వేయించెను. మిట్టలయొద్దఁ గుమారులు బండిని ద్రోయవలసివచ్చెను. ఇంకొక గేరు కావలెనని యామె చెప్పఁగా బెంజ్ చేర్చెను.

టోపీసూది ముచ్చట నెల్లరుఁ జెప్పుదురు. మేమన్ననో గేరునే మిన్నగా నెంచుదుము. కార్ల్‌స్రూహే సాంకేతిక విద్యాలయ మామెను గౌరవించినది 1944లో, 95వ యేఁట.