సొంత వాహనానికి ఆస్తి పన్ను ఎందుకు లేదు? - పుదుచ్చేరి నుంచి ఒక చరిత్ర పాఠం



పుదుచ్చేరి పట్టణంలో ఒక ఇల్లు, దాని ముందు ఒక కారు ఉన్నాయనుకోండి. ఇంటిపై పురపాలక సంఘం పన్ను వేస్తుంది. కారు ఎంత ఖరీదైనదైనా ఆ లెక్కలోకి రాదు. రెండూ ఒకే యజమాని ఆస్తులే. మరి ఈ తేడా ఎందుకు?

పూర్వం ఇంతటి తేడా లేదు. మద్రాసు రాష్ట్రంలో 1920 నాటి జిల్లా మునిసిపాలిటీల చట్టం ఇంటి పన్నుతోపాటు బండ్ల మీద, పశువుల మీద కూడా పన్ను వేసుకునే వీలు కల్పించింది. అయితే మోటారు వాహనం ఒక ఊరికి కట్టుబడి ఉండదు. అందుకే 1931లో మద్రాసు ప్రభుత్వం దానికి ప్రత్యేక పన్ను చట్టం చేసింది. అప్పుడు పుదుచ్చేరి ఫ్రెంచివారి ఏలుబడిలో ఉంది కనుక ఈ చట్టాలు అక్కడ వర్తించలేదు.

1950లో అమలైన మన రాజ్యాంగం ఈ విభజనను స్పష్టం చేసింది. రాష్ట్రాల జాబితాలో 49వ అంశం భూములు, భవనాలపై పన్ను. 57వ అంశం రోడ్లపై వాడదగిన వాహనాలపై పన్ను. 'రోడ్లపై' అన్న మాటను గమనించండి. 1954లో భారతదేశ పాలనలోకి, 1962లో చట్టరీత్యా మన దేశంలోకి వచ్చిన పుదుచ్చేరి, 1967లో సొంత వాహన పన్ను చట్టం చేసుకుంది. మన గోదావరి ఒడ్డునున్న యానాం కూడా ఆ కేంద్రపాలిత ప్రాంతంలోనిదే.

ఆ మాటకున్న బలం 2025లో తెలిసింది. విశాఖపట్నం ఉక్కు కర్మాగారం ఆవరణలోనే తిరిగిన వాహనాలు బహిరంగ ప్రదేశాన్ని వాడలేదు కనుక ఆ కాలానికి వాటిపై పన్ను వేయరాదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అంటే ఇది వాహనం ఉన్నందుకు కాదు, రోడ్డును వాడుకునేందుకు కట్టే పన్ను.

కారును ఆస్తిగా చూసిన సందర్భమూ మన దేశంలో ఉంది. 1957 నాటి సంపద పన్ను చట్టాన్ని మార్చి, 1993 నుంచి నగలు, విహార నౌకల వంటి వాటితోపాటు కార్లను పన్ను పరిధిలో ఉంచారు. అద్దెకు తిప్పే కార్లను మాత్రం మినహాయించారు. 2015లో ఆ పన్నునే రద్దు చేశారు.

తెలుగువారు ఎందరో స్థిరపడిన అమెరికాలోని వర్జీనియాలో కథ తలకిందులు. అక్కడ స్థానిక సంస్థలు కారు విలువను బట్టి ఏటా ఆస్తి పన్ను వేస్తాయి. 1998లో చేసిన చట్టం సొంత అవసరాలకు వాడే వాహనాలకు, మొదటి 20 వేల డాలర్ల విలువ మేరకు ఊరట ఇచ్చింది. వ్యాపార వాహనాలకు ఇవ్వలేదు. పన్నును క్రమంగా పూర్తిగా తొలగించాలన్న ఆశయం మాత్రం నెరవేరలేదు. స్థానిక సంస్థలకు కలిగే నష్టాన్ని పూడ్చడం భారమై, రాష్ట్రం తన సాయాన్ని 2006 నుంచి ఏడాదికి 95 కోట్ల డాలర్లకు పరిమితం చేసింది.

పన్ను తగ్గితే ఏమవుతుందో పుదుచ్చేరి మరో విధంగా చూపింది. కేరళలో 20 లక్షల రూపాయలు దాటిన కారుకు ధరలో 20 శాతం పన్ను ఉన్న రోజుల్లో, పుదుచ్చేరిలో కట్టవలసింది అంతకన్నా ఎంతో తక్కువ. దాంతో ఇతర రాష్ట్రాలవారు కొందరు అక్కడి చిరునామాలు చూపి ఖరీదైన కార్లను రిజిస్టరు చేయించుకున్నారన్న ఆరోపణలపై 2017లో విచారణలు మొదలయ్యాయి. ఆ కార్లు నడిచేది ఒక రాష్ట్రపు రోడ్లపై, పన్ను చేరేది మరొక ఖజానాకు!

కాబట్టి ఏ మినహాయింపు గురించి విన్నా రెండు ప్రశ్నలు వేసుకోండి. ఇది దేనిపై వేసిన పన్ను? దీన్ని ఒకరు కట్టకపోతే ఆ లోటును ఎవరు భరిస్తారు? రోడ్డు మరమ్మతు ఖర్చు మినహాయింపుతో మాయం కాదు. కారు లేని వాడు, సైకిలు తొక్కేవాడు, నడిచి వెళ్లేవాడు కూడా సబ్బు కొన్నా, బిస్కెట్టు కొన్నా పన్ను కడుతూనే ఉంటారు. మీ ఇంటి పన్ను రసీదును, మీ వాహనం పన్ను రసీదును పక్కపక్కన పెట్టి చూడండి. ఏది ఎవరికి, దేనికోసం కట్టారో పెద్దలను అడిగి తెలుసుకోండి.