హయత్‌నగర్ మీదుగా మాహిష్మతి

ఎండాకాలం సెలవులొస్తే దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంటికి చుట్టాలు దిగుతారు. అందరిదీ ఒకటే కోరిక, మాహిష్మతి చూపించమని. ఎల్బీనగర్ చౌరస్తాలో బస్సెక్కితే విజయవాడ రోడ్డు మీదే ఉంది కదా మహాసామ్రాజ్యం!

2015లో, 2017లో వచ్చిన రెండు ‘బాహుబలి’ సినిమాల కోసం కళాదర్శకుడు సాబు సిరిల్ ఆ రాజధానిని రామోజీ ఫిల్మ్ సిటీలో నిలబెట్టారు. పేరు మాత్రం కల్పన కాదు. పురాణాల్లో మాహిష్మతి నర్మద ఒడ్డున కార్తవీర్యార్జునుడి రాజధాని. మధ్యప్రదేశ్‌లోని మహేశ్వరే అదని చాలామంది అంటారు. సినిమాలో మాహిష్మతి మీదికి దండెత్తే కాలకేయులూ అరువే. భారతంలో వాళ్లు సముద్రంలో దాక్కునే రాక్షసులు. అగస్త్యుడు సముద్రాన్నంతా తాగేస్తే గానీ బయటపడలేదు. సినిమావాళ్లు వాళ్లను నేలమీదికి లాగి, మదన్ కార్కీ చేత కిలికి అనే భాష కూడా పుట్టించారు. మా మేనల్లుడు బస్సులో దారంతా అందులోనే తిట్టుకుంటూ వచ్చాడు.

తీరా అక్కడ స్తంభం మీద వేలితో కొట్టాడు. డొల్ల చప్పుడు. “మామా, ఇది రాయి కాదా?” మొహం చిన్నబోయింది.

తిరుగుదారిలో హయత్‌నగర్‌లో వాణ్ని దింపేశాను. ఈ ఊరి పేరులో ఉన్నది సినిమాలోని రాజమాత శివగామి లాంటి నిజం మనిషి: హయత్ బక్షీ బేగం. 1626లో చిన్నవాడైన కొడుకు అబ్దుల్లా గోల్కొండ గద్దెనెక్కితే, వెనకుండి రాజ్యం నడిపిన తల్లి. ఆమె పేరిట మసీదు, చుట్టూ బాటసారుల గదులు, పక్కనే హాథీ బౌలి, అంటే ఏనుగు బావి. మసీదు గోడనూ వాడు వదల్లేదు, వేలు నొప్పి పుట్టింది. బావిలోకి తొంగిచూసి అడిగాడు:

“మరి ఏనుగేది మామా?”