బువ్వ ఒక దారిన, ఉయ్యాల ఒక దారిన



పోయిన నెల మన సమావేశంలో ఆదివారం తెలుగు బడి గురించి మాట్లాడుకున్నాం. పుస్తకాలు ఎక్కడి నుంచి తెప్పించాలి, చెప్పేవాళ్లకు బస్సు చార్జీ ఎవరివ్వాలి అని గంటన్నర సేపు అదే చర్చ. చివర్లో వెనక వరసలో కూర్చున్న ఒక చెల్లెమ్మ లేచింది. బాగలూరు వైపు గులాబీ తోటల్లో పనికి పోతుంది. "పదేండ్ల బిడ్డకు తెలుగు నేర్పేకి ఇంతసేపు మాట్లాడతారే అన్నా, నా రెండేండ్ల బిడ్డను ఎవరి చేతిలో పెట్టి పొద్దున్నే ఆరు గంటలకు పనికి పోవాల? ముందు అది చెప్పండి" అంది.

ఎవరమూ జవాబు చెప్పలేకపోయాం. తర్వాత విడిగా అడిగితే సంగతి తెలిసింది. బిడ్డను చూసుకునే అవ్వ నిరుడు పోయింది. ఇప్పుడు ఎనిమిదేండ్ల పెద్దకూతురు వారంలో రెండు మూడు రోజులు బడి మానేసి తమ్ముణ్ణి చంకనేసుకుని ఇంట్లో ఉంటోంది. ఊళ్లో అంగన్‌వాడి ఉంది. మనమంతా ఇప్పటికీ బాలవాడి అనే అంటాం. కానీ అది తెరిచే వేళకు గులాబీ కోత సగం అయిపోయి ఉంటుంది. పైగా రెండేండ్ల బిడ్డను పొద్దంతా చూసుకునేది తమ పని కాదని అక్కడ చెప్పారట. వాళ్లు అన్నదాంట్లో తప్పు లేదు. వాళ్లకు అప్పజెప్పిన పనిలో అది లేదు. ఎందుకు లేదు అన్నదే నేను ఈసారి రాయాలనుకున్న చరిత్ర.

మొదట ఆ పేర్ల సంగతి. బాలవాడి, అంగన్‌వాడి రెండూ మన మాటలు కావు. మరాఠీ, గుజరాతీ వైపు నుంచి వచ్చాయి. వాడి అంటే తోట. అంగణం అంటే మనకూ తెలిసిందే, ఇంటి ముందరి వాకిలి. ఆ మాట వెనక ఇద్దరు ఆడవాళ్ల కష్టం ఉంది. తారాబాయి మోదక్, అనుతాయి వాఘ్. గుజరాత్‌లోని భావనగర్‌లో గిజుభాయి బధేకా 1920లో బాలమందిరం పెట్టి చిన్నబిడ్డల చదువుకు కొత్త దారి వేశాడు. తారాబాయి ఆయన దగ్గర పనిచేసిన మనిషి. మాంటిస్సోరి పద్ధతి తెలుసు, పట్నం బడులు తెలుసు. అయినా పల్లెబిడ్డల కోసం ఏదైనా చెయ్యాలని 1945లో బోర్డీకి పోయింది. అప్పట్లో ఠాణే జిల్లా, ఇప్పుడు పాల్ఘర్. వెంట అనుతాయి వచ్చింది. అనుతాయికి పదమూడో ఏట పెళ్లి, ఆరు నెలలు తిరక్కుండానే భర్త పోయాడు. పట్టుబట్టి చదువుకుని టీచరమ్మ అయిన మనిషి.

ఆ వైపు పల్లెల్లో వార్లీ కుటుంబాలు. తల్లీ తండ్రీ కూలికి, బిడ్డలు పశువుల వెంట. బడి పెట్టి కూర్చుంటే ఎవరూ రాలేదు. బిడ్డలు బడికి రాకుంటే బడే బిడ్డల దగ్గరికి పోవాలి అనుకున్నారు. గూడెంలోకి పోయి ఒక వాకిట్లో కూర్చున్నారు. అదే అంగన్‌వాడి. బిడ్డలకు స్నానం చేయించడం, తల దువ్వడం, తర్వాత ఆట, పాట. మాంటిస్సోరి సామాన్లు కొనడానికి డబ్బు లేదు కాబట్టి ఆకులు, గింజలు, గులకరాళ్లే సామాన్లయ్యాయి. పశువులు మేపే బిడ్డల కోసం మేతబీడులోనే బడి పెట్టారు.

అక్కడ వాళ్లకు ఇంకో సంగతి తెలిసింది. ఆడపిల్లలు బడికి రాకపోవడానికి కారణం చదువు మీద ఇష్టం లేక కాదు, చంకలో తమ్ముడో చెల్లెలో ఉండడం. దాంతో 1950లలో కోస్‌బాడ్ కొండకు మకాం మార్చాక వికాసవాడి అని ఒకటి పెట్టారు. ఉయ్యాల ఇల్లు, బాలవాడి, ప్రాథమిక బడి మూడూ ఒకే చోట. అక్క తమ్ముణ్ణి ఎత్తుకునే వస్తుంది. తమ్ముడు ఉయ్యాలలో పడుకుంటాడు, అక్క పక్కన పలక పట్టుకుంటుంది. బాగలూరు చెల్లెమ్మ కూతురి గురించి విన్నప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఇదే. ఇన్నేళ్ల కింద ఆ కొండ మీద దొరికిన జవాబు మన ఊరికి ఇంకా చేరలేదు.

ఇక మనవాళ్ల సంగతి. రాజమండ్రిలో 1909లో పుట్టిన దుర్గాబాయి గురించి మనలో చాలామందికి స్వాతంత్య్ర సమరం వరకే తెలుసు. ఆమె 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టింది. సొంత రాష్ట్రం లేని రోజుల్లో, తమిళుల పట్నంలో, మనలాంటి తెలుగువాళ్ల సంఘంగా మొదలైన సంస్థ అది. మన సంఘాలకు అది అక్కలాంటిది. ఆమె భాష ఒక్కటే పట్టుకుని కూర్చోలేదు. ఆడవాళ్ల చదువు, చేతిపని, కాన్పులు, వైద్యం అన్నీ తలకెత్తుకుంది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడినప్పుడు దానికి మొదటి అధ్యక్షురాలు ఆమే. మరుసటి ఏడు, 1954లో, ఆ మండలి పల్లెల్లో సంక్షేమ విస్తరణ కేంద్రాలు తెరవడం మొదలుపెట్టింది. కొన్ని ఊళ్లను ఒక గుంపుగా చేసి, అక్కడ బాలవాడి, తల్లులకు కాన్పు సాయం, ఆడవాళ్లకు అక్షరాలు, చేతిపని. సర్కారు డబ్బుతో పల్లెల్లో చిన్నబిడ్డల కోసం దేశమంతటా జరిగిన తొలి ప్రయత్నాల్లో అది ముఖ్యమైనది. దాన్ని నడిపించింది ఒక తెలుగు ఆడమనిషి.

తర్వాత 1972లో మీనా స్వామినాథన్ అధ్యక్షురాలిగా ఉన్న అధ్యయన బృందం బడి ఈడుకు రాని బిడ్డల గురించి కేంద్రానికి నివేదిక ఇచ్చింది. తిండి, ఆరోగ్యం, ఆటపాటల చదువు విడివిడిగా కాక కలిసి అందాలి అన్న ఆలోచనకు అది పునాది. మూడేళ్లకు, 1975 అక్టోబరు 2న, సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం మొదలైంది. మొదట దేశంలో 33 చోట్ల. మన పక్క రాష్ట్రం కర్ణాటకలో మైసూరు జిల్లా టి. నరసీపురలో పెట్టారు. తారాబాయి వాకిలి బడి పేరు అప్పుడు దేశమంతటికీ పేరైంది.

పేరు వచ్చింది గానీ, ఉయ్యాల రాలేదు. ఆ పథకంలో ఆరు సేవలు: అదనపు పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, అవసరమైతే పెద్దాసుపత్రికి పంపడం, బడికి ముందు చదువు, తల్లులకు ఆరోగ్య పాఠాలు. తల్లి పనికి పోయినప్పుడు బిడ్డను ఎవరు పట్టుకోవాలి అన్న ప్రశ్న ఆ ఆరింటిలో లేదు. మూడేళ్లు దాటిన బిడ్డ కేంద్రానికి వచ్చి కూర్చుంటుంది. మూడేళ్ల లోపు బిడ్డకు పిండి పొట్లం ఇంటికిస్తారు, బిడ్డ ఇంట్లోనే ఉంటుంది. ఇంట్లో ఎవరున్నారు అని అడిగేవాళ్లు లేరు. పనికి పోయే తల్లుల బిడ్డల కోసం శిశు సంరక్షణ కేంద్రాల పథకం ఒకటి దాదాపు అదే కాలంలో వచ్చింది. అది స్వచ్ఛంద సంస్థల ద్వారా, వేరే లెక్కలో, వేరే నిధితో నడిచింది. కోస్‌బాడ్‌లో ఒకే కప్పు కింద ఉన్నవి ఢిల్లీ కాగితాల్లో రెండు దారులు పట్టాయి. బువ్వ ఒక దారిన పోయింది, ఉయ్యాల ఒక దారిన పోయింది. బువ్వ ఊరూరికీ చేరింది. ఉయ్యాల దారిలోనే ఆగిపోయింది.

మన తమిళనాడు బువ్వ విషయంలో దేశానికే దారి చూపింది. ఆ మాట ఒప్పుకోవాలి. 1980లో ప్రపంచ బ్యాంకు సాయంతో మొదలైన పోషకాహార పథకంలో ఆరు నెలల నుంచి మూడేళ్ల బిడ్డల్ని నెలనెలా తూకం వేసి, బరువు పెరగని బిడ్డకు అదనపు తిండి పెట్టారు. 1982 జులై 1న ఎం.జి.ఆర్. పల్లెల్లో పోషకాహార భోజన పథకం మొదలుపెట్టారు. బడి పిల్లలతో పాటు రెండు నుంచి ఐదేళ్ల బిడ్డలకు కూడా బాలవాడిలో వేడి భోజనం. డబ్బు దండగ అన్నవాళ్లు అప్పుడు చాలామంది. మన ఊళ్లలో నలభై దాటినవాళ్లలో చాలామంది ఆ పళ్లెం ముందు కూర్చున్నవాళ్లే. కూలికి పోయిన మా అమ్మకు ఆ కాసేపు గుండె నిమ్మళంగా ఉండేదని చెప్పేది. అన్నం కంటే, "బిడ్డ ఫలానా చోట ఉన్నాడు" అన్న ధైర్యం పెద్దది అనేది.

ఉయ్యాల కోసం చట్టాలు లేవా అంటే, ఉన్నాయి. 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం, 1951 తోట కార్మికుల చట్టం, 1966 బీడీ కార్మికుల చట్టం అన్నింటిలోనూ శిశు గది మాట ఉండేది. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి 50 మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ పనిచేసే సంస్థల్లో శిశు గది ఉండాలన్నారు. అన్నింటికీ ఒక తల లెక్క ఉంది. పది పదిహేను మంది కూలికి వచ్చే గులాబీ తోట ఆ లెక్కకు అందదు. సోలాపురంలో మన పద్మశాలి ఆడవాళ్లు ఇంట్లో కూర్చుని బీడీలు చుడతారు. ఫ్యాక్టరీలో ఉయ్యాల కట్టమని చట్టం చెప్పినా, ఇంట్లో చుట్టే తల్లికి అది ఎలా దక్కుతుంది? 2005 ఉపాధి హామీ చట్టంలో మాత్రం మంచి మాట రాశారు. పని చోట ఆరేళ్ల లోపు బిడ్డలు ఐదుగురు ఉంటే, వాళ్లను చూసుకోడానికి ఒక ఆడమనిషిని పెట్టి ఆమెకూ కూలి ఇవ్వాలని. ఆ మాట అమలైన పని చోటు నేనైతే మా చుట్టుపక్కల చూడలేదు.

ఈ మధ్య రెండు దారులూ మళ్లీ దగ్గరవుతున్నాయి. 2022లో కేంద్రం పాత శిశు సంరక్షణ పథకానికి పాల్నా అని పేరు మార్చింది. పాల్నా అంటే ఉయ్యాలే. అంగన్‌వాడిలోనే శిశు సంరక్షణ కేంద్రం నడపవచ్చు అన్నది అందులో ముఖ్యమైన మార్పు. కర్ణాటక 2023లో "కూసిన మనె" అని 4,000 గ్రామ పంచాయతీల్లో ఉపాధి పనికి పోయే తల్లుల బిడ్డల కోసం కేంద్రాలు పెడతామని ప్రకటించింది. కోలారు, బాగేపల్లి వైపు నుంచి ఈ పేజీ చదివే సభ్యులు మీ పంచాయతీలో అది ఎలా నడుస్తోందో రాయండి. ఆయమ్మకు జీతం సక్రమంగా వస్తోందా, ఎన్ని గంటలకు తెరుస్తున్నారు, బిడ్డలు ఏ మాటలో మాట్లాడుతున్నారు? మాకు అది చాలా అవసరం.

ఇక్కడ మన సంఘంలోనే ఒక వాదన ఉంది. "ఇది సర్కారు పని, మన పని భాష" అని పెద్దలు కొందరు అంటారు. వాళ్ల మీద నాకు గౌరవం ఉంది. కానీ భాష ఎక్కడ నిలుస్తుందో ఆలోచించండి. బిడ్డకు మొదటి మూడేళ్లలో వచ్చిన మాటే మాట. ఆ మూడేళ్లు అవ్వ ఒడిలో గడిచినంత కాలం మన మొరసునాటి తెలుగు ఏ బడీ లేకుండానే నిలిచింది. ఇప్పుడు అవ్వలూ తోటపనికి పోతున్నారు. ఒడి ఖాళీ అయిన చోట ఫోను వచ్చి కూర్చుంది. పదేండ్లకు ఆదివారం బడిలో మనం దిద్దించే అక్షరాలు, రెండేండ్లకు పోయిన మాటను ఎంతవరకు తెస్తాయి? తమిళం మన బిడ్డలకు కావాలి, అందులో పేచీ లేదు. ఇంటి మాట, ఊరి మాట రెండూ ఒకే వాకిట్లో వినబడాలన్నదే నా కోరిక.

అడిగే హక్కు ఉందా అంటే ఉంది. 2006 డిసెంబరు 13న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, ఆరేళ్ల లోపు బిడ్డలు 40 మంది ఉండి అంగన్‌వాడి లేని పల్లె అడిగితే మూడు నెలల్లో కేంద్రం పెట్టాలి. అడగాలంటే మన దగ్గర లెక్క ఉండాలి. అందుకే నా మనవి. తెలుగు బడికి పేర్లు రాసుకునేందుకు ఎలాగూ ఇంటింటికీ పోతున్నాం. అదే పుస్తకంలో ఇంకో నాలుగు గళ్లు గీద్దాం. ఇంట్లో ఆరేళ్ల లోపు ఎందరు, మూడేళ్ల లోపు ఎందరు, తల్లి ఎన్ని గంటలకు పనికి పోతుంది, అప్పుడు బిడ్డ ఎవరి దగ్గర ఉంటుంది. ఆ లెక్కతో అక్టోబరు 2 గ్రామసభలో నిలబడి అంగన్‌వాడిని పొద్దున్నే తెరవాలని, అందులో ఉయ్యాల కట్టాలని తీర్మానం అడుగుదాం. 1975లో పథకం మొదలైన తేదీ కూడా అదే.

ఒక జాగ్రత్త. ఎక్కువ గంటలు తెరవమంటే ఆ భారం ఇప్పుడున్న టీచరమ్మ, ఆయమ్మల నెత్తిన పడకూడదు. కేంద్ర పథకం వాళ్లను ఇన్నేళ్లూ గౌరవ వేతనం అనే పేరుతోనే పనిచేయించుకుంది. వాళ్లకు గ్రాట్యుటీ హక్కు ఉందని చెప్పడానికే 2022లో సుప్రీంకోర్టు దాకా పోవాల్సి వచ్చింది. ఇంకో మనిషిని పెట్టి, జీతమిచ్చి తెరవమని అడగాలి. వాళ్లతో ముందే కూర్చుని మాట్లాడాలి. మన అవ్వల్లో ఓపికున్నవాళ్లు వారానికి ఒకరోజు పోయి కూర్చుని పాటలు, కథలు చెప్పే పని మాత్రం మనమే పెట్టుకోవచ్చు.

బాగలూరు చెల్లెమ్మ వచ్చే సమావేశానికి వస్తానంది, బిడ్డను తీసుకునే వస్తానంది. పుస్తకంలో మొదటి పేరు ఆ బిడ్డదే రాద్దాం. మీ ఊరి లెక్క ఎవరు పట్టుకుంటారో కింద రాయండి.