సింహాసనం నుండి శాసనసభకు: బస్తర్ ప్రవీర్ చంద్ర భంజ్ దేవ్

కాకతీయ సామ్రాజ్యం 1323లో అస్తమించిన తరువాత ఆ వంశపు శాఖ యొకటి ఇంద్రావతీ తీరారణ్యాలలో నిలదొక్కుకున్నదని సంప్రదాయం. ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు ఓరుగల్లు నుండి తరలివెళ్లి బస్తర్ రాజ్యాన్ని స్థాపించాడని స్థానిక గాథలు చెబుతాయి. 1703 నాటి దంతేవాడ శాసనంలో దిక్పాలదేవుడు తన వంశాన్ని కాకతీయులతోనే ముడిపెట్టుకున్నాడు. తెలుగువారి చరిత్రతో ఇంతటి బంధుత్వం గల ఆ సింహాసనంపై చివరిగా కూర్చున్నవారు ప్రవీర్ చంద్ర భంజ్ దేవ్. రాచరికం నుండి ప్రజాస్వామ్యానికి సాగిన పరివర్తనలోని చిక్కులన్నీ ఆయన జీవితంలో కానవస్తాయి.

ప్రవీర్ 1929లో జన్మించారు. తండ్రి మయూర్‌భంజ్ రాజకుటుంబీకులు. కాకతీయ వారసత్వం ఆయనకు తల్లి ప్రఫుల్ల కుమారీదేవి ద్వారా సంక్రమించింది. 1936లో ఆమె లండన్‌లో మరణించగా, ఏడేళ్ల వయసులోనే ఆయన రాజయ్యారు. 1947లో అధికారాలు చేతికందిన కొద్ది మాసాలకే, 1948 జనవరి 1న, సంస్థానం మధ్యపరగణాలలో విలీనమైంది. కాంకేర్‌తో కలిసి అది ఒకే జిల్లాగా ఏర్పడింది. సుమారు 39 వేల చదరపు కిలోమీటర్ల వైశాల్యం గల ఆ జిల్లా నేటి కేరళ రాష్ట్రంకంటె పెద్దది.

రాజ్యం పోయినా రాజు పాత్ర పోలేదు. దంతేశ్వరీ దేవికి ప్రథమ సేవకునిగా, దసరా ఉత్సవాలకు అధినేతగా ఆదివాసులు ఆయనను భావించారు. ఉత్సవాల ముగింపులో జరిగే మురియా దర్బారులో వారు తమ కష్టసుఖాలను విన్నవించుకునేవారు. ఇందుకు భిన్నంగా పరిపాలన జిల్లా కలెక్టరు చేతికి చేరింది. 1953లో రాజు ఆస్తులు కోర్ట్ ఆఫ్ వార్డ్స్ ఆధీనంలోకి వెళ్లాయి. ఒకే జిల్లాలో ప్రజల మన్నన ఒకచోట, ప్రభుత్వాధికారం మరొకచోట నిలిచాయి.

1957 ఎన్నికలలో ప్రవీర్ కాంగ్రెస్ అభ్యర్థిగా జగదల్‌పూర్ నుండి మధ్యప్రదేశ్ శాసనసభకు ఎన్నికయ్యారు. సింహాసనానికీ శాసనసభకూ మధ్య వారధి ఏర్పడిందని తోచిన సమయమది. కాని కొద్దికాలానికే ఆయన ఆ పార్టీకి దూరమయ్యారు. భూమి, అడవి, కలప వ్యాపారంలో ఆదివాసులకు జరుగుతున్న అన్యాయాలను ప్రశ్నించారు. ప్రభుత్వంతో ఘర్షణ ముదిరింది. 1961 ఫిబ్రవరిలో ఆయనను నిర్బంధించి, రాజుగా గుర్తింపును రద్దుచేసి, సోదరుడు విజయ్ చంద్రకు ఆ హోదా నిచ్చారు. రాజును విడుదల చేయాలని మార్చి 31న లోహండీగూడలో గుమికూడిన ఆదివాసులపై పోలీసు కాల్పులు జరిగి పలువురు మరణించారు. ప్రభుత్వ ఉత్తర్వు ప్రజల మనసులోని రాజును మార్చలేకపోయింది. 1962 ఎన్నికలలో ఆయన బలపరచిన అభ్యర్థులు బస్తర్‌లో అత్యధిక స్థానాలు గెలుచుకున్నారు.

1965–66లో వర్షాభావం, ఆహార కొరత, ధాన్యపు లెవీ వసూళ్లు అసంతృప్తిని రగిల్చాయి. 1966 మార్చి 25న జగదల్‌పూర్ రాజప్రాసాదంలో జరిగిన పోలీసు కాల్పులలో ప్రవీర్ మరణించారు. అధికారిక లెక్క ప్రకారం ఆయనతో కలిపి మృతులు 12 మంది. ఈ దుర్ఘటనపై జస్టిస్ కె.ఎల్. పాండే విచారణ సంఘం ఏర్పడింది. మృతుల సంఖ్యపై వివాదం మాత్రం సమసిపోలేదు.

ఆయన లోపరహితుడని చరిత్ర చెప్పదు. ఆయన నిర్ణయాలలోని అస్థిరతను సమకాలీన అధికారులు పలుమార్లు విమర్శించారు. అయినా వ్యక్తి గుణదోషాల వెనుక మరింత గంభీరమైన ప్రశ్న యొకటి ఉన్నది. గోండీ, హల్బీ మాట్లాడే రైతు తన గోడును ఎవరితో చెప్పుకోవాలి? కచేరీ భాష అతనికి తెలియదు. శాసనసభ దూరాన ఉన్నది. దర్బారు ఒక్కటే అతనికి తెలిసిన వేదిక. ఆ వేదికను కాదన్న పాలన, దానికి సమానమైన మరొక వేదికను సకాలంలో చూపలేకపోయింది. 1970లలో తానే ప్రవీర్ అవతారమని చెప్పుకున్న ఒక సాధువు చుట్టూ వేలాది ఆదివాసులు చేరడం ఆ శూన్యానికి నిదర్శనం.

బస్తర్ 1998లో మూడు జిల్లాలైంది. 2000లో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో చేరింది. దసరా ఉత్సవాలలో మురియా దర్బారు నేటికీ జరుగుతున్నది. ప్రజాప్రతినిధులు, అధికారులు అక్కడ గ్రామపెద్దల మాట వింటారు. ఎన్నికైన ప్రతినిధికి ఓటు ఇచ్చే అధికారం ఒకటైతే, వినే ఓర్పు వల్ల లభించే అధికారం మరొకటి. ఆ రెండూ ఒకచోట కలిసినప్పుడే అడవిలోని మనిషికి ప్రభుత్వం తనదనిపిస్తుంది.