నోటిలో ఎర్రటి రక్తపు చుక్కలు: కారణాలేమిటి? ఎప్పుడు అప్రమత్తం కావాలి?

న్యూఢిల్లీ: అంగిలిపై, బుగ్గల లోపలి వైపున, నాలుక కింద ఒక్కోసారి సూదిమొనంత ఎర్రటి చుక్కలు కనిపిస్తుంటాయి. అతి సన్నని రక్తనాళాలు చిట్లి, రక్తం పైపొర కిందకు చేరడం వల్ల ఇవి ఏర్పడతాయి. వైద్య పరిభాషలో వీటిని ‘పెటీకియే’ అంటారు. ఇవి సాధారణంగా 2 మిల్లీమీటర్లకు మించవు. మామూలు ఎరుపు నొక్కితే తెల్లబడుతుంది; ఇవి మాత్రం నొక్కినా రంగు మారవు.

సాధారణ కారణాలు

మరీ వేడి లేదా గట్టి పదార్థాలు తినడం, బుగ్గ కొరుక్కోవడం, సరిగా అమరని కట్టుడు పళ్లు, తీవ్రమైన దగ్గు, వాంతులు ఇందుకు దారితీయవచ్చు. ఇటువంటివి కొద్ది రోజుల్లో వాటంతట అవే మానిపోతాయి. గొంతునొప్పి, జ్వరంతో పాటు అంగిలిపై చుక్కలు వస్తే స్ట్రెప్టోకోకస్ బ్యాక్టీరియా కారణం కావచ్చు. గుట్కా, వక్క నమిలేవారిలో నోరు క్రమంగా బిగుసుకుపోయే వ్యాధి తొలిదశలోనూ ఇవి కనిపించవచ్చు.

ప్లేట్‌లెట్లు తగ్గితే

రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు ఆరోగ్యవంతుల్లో మైక్రోలీటరు రక్తానికి 1.5 లక్షల నుంచి 4.5 లక్షల వరకు ఉంటాయి. రోగనిరోధక వ్యవస్థే వాటిని నాశనం చేసే ఐటీపీ, రక్త క్యాన్సర్, కాలేయ వ్యాధుల్లో ఈ సంఖ్య పడిపోతుంది. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వంటి మందులు ప్లేట్‌లెట్లు తగ్గకపోయినా రక్తస్రావాన్ని పెంచగలవు. అయితే వైద్యుని సలహా లేకుండా వాటిని ఆపడం ప్రమాదకరం.

డెంగీ కాలంలో జాగ్రత్త

వర్షాకాలం ముగిసే వేళ ఢిల్లీ, పరిసర ప్రాంతాల్లో డెంగీ ఏటా విజృంభిస్తుంది. రాజధానిలో 1996లో 10,252 కేసులు, 423 మరణాలు నమోదయ్యాయి. 2015లో కేసులు 15 వేలు దాటాయి. జ్వరం తగ్గుతున్న దశలోనే ముప్పు ఎక్కువ. ఆ సమయంలో చిగుళ్ల నుంచి రక్తం కారడం, తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, మగత కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. డెంగీ అనుమానం ఉన్నప్పుడు ఆస్పిరిన్, ఐబూప్రోఫెన్ వాడరాదు. జ్వరానికి వైద్యులు పారాసిటమాల్ సూచిస్తారు.

వైద్యుని ఎప్పుడు సంప్రదించాలి?

చుక్కలు వారం దాటినా తగ్గకపోయినా, చర్మంపైనా కనిపించినా, ముక్కు నుంచి రక్తం కారినా, కారణం లేకుండా కమిలిన మచ్చలు ఏర్పడినా ఆలస్యం చేయరాదు. పూర్తి రక్తకణాల పరీక్ష (సీబీసీ)తో ప్లేట్‌లెట్ల సంఖ్య తెలుస్తుంది. అవసరాన్ని బట్టి వైద్యులు తదుపరి పరీక్షలు సూచిస్తారు.